తిరిగి రాని గిన్నెలు

మంగళవారం
పశువుల ఆసుపత్రి, ముందు గది

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం, నువ్వు కూడా క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టడం మర్యాద. ఇవాళ ఆ మర్యాద నా వల్ల కాదు. నువ్వు క్షేమంగా లేవు. ఎంత ప్రమాదంలో ఉన్నావో నీకు తెలుసో లేదో తేలక, చేతిలో పనులన్నీ పక్కన పడేసి ఇది రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. తర్వాత ఈ ఉత్తరం చింపి పారేసినా సరే. నీ ఎడమ ముంజేతి మీద ఒక పుండు ఉంది. మొదట దోమ కుట్టినట్టు దురద పెట్టి ఉంటుంది. తర్వాత నీటిపొక్కు లేచి ఉంటుంది. ఈపాటికి అది చితికి, నడుమ నల్లగా మాడి, చుట్టూ చెయ్యి వాచి ఉంటుంది. నొప్పి మాత్రం ఉండదు. నొప్పి లేదు కదా, అదే మానుతుందిలే అని గుడ్డ కట్టుకుని కూర్చున్నావేమో. నొప్పి లేకపోవడమే దాని గుర్తు, తమ్ముడూ. అది దొమ్మ. మేం ఆంత్రాక్స్ అంటాం. దానికి మందు ఉంది. పెద్దాసుపత్రిలో అడిగిన వెంటనే ఇచ్చే మందే. ఇప్పుడు మొదలుపెడితే మళ్లీ నీ మాంసం కొట్టులో కత్తి పట్టుకుని నిలబడతావు. వాపు పైకి పాకి, జ్వరం వచ్చి, రోగం రక్తంలోకి దిగాక వస్తే మాత్రం ఎవరూ ఏ హామీ ఇవ్వలేరు.

నీ చేతి సంగతి నాకెవరు చెప్పారా అని చూస్తున్నావు కదూ. రోజూ నీకు అన్నం తెచ్చే మీ బావమరిదే. వాడి మీద కోప్పడకు. నువ్వెక్కడున్నావో చెప్పమని నిన్న నేనూ మీ ఆవిడా వాడిని మధ్యలో కూర్చోబెట్టి నానా తిట్లూ తిట్టాం. చెప్పనని పాప మీద ఒట్టు వేయించుకున్నాడు బావ అంటూ బిక్కమొహం వేశాడు. ఊరంతా ఆటో తిప్పే మనిషి, మా ఇద్దరి మధ్య చెమటలు కక్కాడు. పోనీ చెయ్యి ఎలా ఉందిరా అని అడిగాను. దాని మీద ఒట్టు లేదు కాబట్టి చెప్పాడు. ఎడమ చేతికి గుడ్డ కట్టాడట, నొప్పేం లేదన్నాడట.

వాడి ఆటో వెంట నేనే రావచ్చు. కానీ నన్ను చూసి నువ్వు ఇంకో చోటికి పారిపోతే అందుతున్న ఆ నాలుగు మెతుకులూ అందవు, చెయ్యి ఎలా ఉందో చెప్పే మనిషి కూడా ఉండడు. అందుకే సాయంత్రం నీకు వచ్చే అన్నంతో పాటు ఇది పంపుతున్నాను.

సంగతి ఎలా బయటపడిందో విను. మొన్న గొర్రెల కాపరి తాత చచ్చిన గొర్రె ఒకదాన్ని బండి మీద వేసుకుని వచ్చాడు. మేస్తూ మేస్తూ ఉన్నచోటే కూలిపోయిందట. పొట్ట ఉబ్బిపోయింది. ముక్కులోంచి నల్లటి రక్తం కారుతోంది, గడ్డకట్టడం లేదు. కోసి చూడండి డాక్టరమ్మా, ఏదో పురుగు తిని ఉంటుంది అని ఆయన గొడవ. ఎవరూ ముట్టుకోవద్దని నేను అరిచిన అరుపుకి కుక్కపిల్లకు సూది వేయించడానికి వచ్చినావిడ కుక్కపిల్లను వదిలేసి పరిగెత్తింది. గొర్రెను కోయలేదు. చెవి నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి, గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పుల్లలు పేర్చినట్టు వరసగా దొమ్మ క్రిములు కనిపించాయి. చదువుకునే రోజుల్లో చూడటమే, మళ్లీ చూడాల్సి వస్తుందని అనుకోలేదు.

ఇంతకుముందు ఏమైనా పోయాయా తాతా అని అడిగాను. వారం కిందట ఒకటి పోయింది, మాంసం కొట్టు తమ్ముడికి ఇచ్చేశా అన్నాడు. చచ్చిందని చెప్పే ఇచ్చావా అంటే నేల చూపులు చూశాడు. కొన ఊపిరి ఉండగానే గొంతు కోశానని నీకు చెప్పాడట. నిజానికి అది చల్లబడ్డాకే కోశాడు. ఆ ముసలాయన మీద చెయ్యి ఎత్తబోయి ఆగాను. ఆయన చేతులు చూశాను, పుండు లేదు. ముందు జాగ్రత్తగా ఆయనకూ మందు ఇప్పించాం, నేనూ మింగుతున్నాను. ఆయన మందను ఊరి బయటే ఆపేశాం. బతికినవాటిని చంపేస్తామని ఎవరో పుకారు లేపారు, నమ్మకు. చంపం. టీకాలు వేస్తున్నాం.

ఇక నీ దగ్గరకు వస్తాను. నీ మీద నాకెంత కోపంగా ఉందో ఈ కాగితానికి పట్టదు. నేను చూసి వేసే ముద్ర పడని మాంసం నీ మొద్దు మీదకు ఎలా వచ్చింది? కబేళాలో ఇనుప కొక్కేల వరస ముందు మనిద్దరం ఎన్ని పొద్దులు నిలబడ్డాం! నేను చెయ్యి పెట్టేలోపే నువ్వు కాలేయం వైపు చూసి, ఇది పనికిరాదక్కా, చూడు మచ్చలు అనేవాడివి. నీ కన్ను తప్పితే నాకు టీ, నా కన్ను తప్పితే నీకు టీ, అదీ మన పందెం. చివరికి నాకంటే నువ్వే ఎక్కువ టీలు తాగావు. లోపల చూడకుండా మొద్దు మీద పెట్టను అని కొట్టుకు వచ్చినవాళ్లందరికీ డప్పు కొట్టుకునేవాడివి. ముద్ర ఉన్న తొడను ముందు వేలాడదీసి, చూసుకునే కొనండి అనేవాడివి. ఆ మనిషివి ఏమైపోయావు?

ఆ ఆదివారం జరిగింది నువ్వు మర్చిపోలేదని నాకు తెలుసు. తొందరలో ముద్ర పడకముందే మేకను కొట్టుకు తెచ్చేశావు. ఒళ్లంతా పచ్చగా కామెర్ల రంగు. జనం నిండుగా ఉన్నప్పుడే, ఎవరూ కొనకుండా దాని మీద నీలిరంగు పోసేశాను. పక్కకు పిలిచి చెబితే సరిపోయేది కదా అని నీ బాధ. పక్కకు పిలిచేలోపు సగం మేక సంచుల్లోకి వెళ్లిపోయేదని నా బాధ. తోడబుట్టకపోయినా అక్కా అని పిలిచిన నోటితోనే అప్పటి నుంచి మేడం అంటున్నావు. నువ్వు మేడం అన్నప్పుడల్లా నాకు ఆ పూట అన్నం సయించదు. నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మీ ఇంటి సంగతులు. నిన్న వెళ్లాను. మరదలు తలుపు ఓరగా తీసి, నేనే అని చూశాక లోపలికి రానిచ్చింది. కొట్టు మూసి ఉండటం, నువ్వు కనిపించకపోవడం, తాత గొర్రె కథ, ఈ మూడూ కలిపి జనం తమకు తోచింది అల్లేసుకున్నారు. ఎవరో మీ షట్టరు మీద బొగ్గుతో ఏదో రాశారు. అది చూడటానికి నువ్వు లేకపోవడమే మంచిదైంది. మరదలు దాన్ని తుడుస్తూ తుడుస్తూ ఏడ్చింది. వెళ్లేముందు నువ్వు మనిషివి మనిషిలా లేవట. పాప ఒళ్లోకి ఎక్కబోతే తోసేశావట. అది అప్పటి నుంచి, నాన్నకి నా మీద కోపమా అని కనపడ్డ ప్రతి ఒక్కరినీ అడుగుతోంది, నన్నూ అడిగింది. తప్పు చేసినవాడికి ఇంట్లో అందరి మీదా చిరాకే అని మనసులో తిట్టుకున్నాను.

ఇంకో సంగతి చెప్పి మరదలు అంత ఏడుపులోనూ విసుక్కుంది. నీకు అన్నం పంపిన గిన్నె ఒక్కటీ తిరిగి రావడం లేదట. క్యారేజీ పోయింది, స్టీలు డబ్బా పోయింది, మూత ఉన్న గిన్నెలన్నీ పోయాయి, నిన్న పాప పాలగ్లాసులో కూర పెట్టి పంపిందట. గట్టు మీద పెట్టేసి పొమ్మని దూరం నుంచే అరుస్తాడు, ఖాళీవి ఇమ్మంటే ఇవ్వడు అని మీ బావమరిది సాక్ష్యం. ఏమిటి తమ్ముడూ, అజ్ఞాతవాసంలో కొత్త కాపురం పెడుతున్నావా? ఆ గిన్నెలతో ఏం చేసుకుంటావు?

నవ్వించడానికే రాశాను. నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

మధ్యాహ్నం

పొద్దున్నే ఇది ముగించాల్సింది. ఆరోగ్యాధికారి పిలిస్తే మధ్యలో ఆపి వెళ్లాను. ఆయన మైకు కట్టిన జీపు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. నీ పేరూ, కొట్టు పేరూ చెప్పి, అక్కడ మాంసం కొన్నవాళ్లంతా ఆసుపత్రికి రావాలని వీధివీధినా చాటిస్తానన్నాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. కానీ ఆ జీపు మీ సందులోకి వచ్చిందంటే లోపల మరదలూ పాపా ఉన్నారన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? నీ దగ్గర ఎప్పుడూ కొనేవాళ్లు ఎవరో నాకు తెలుసు, ఇల్లిల్లూ నేనే తిరుగుతాను, సాయంత్రం దాకా ఆగండి అని బతిమాలాను. ఒక్క మనిషికి జ్వరం వచ్చినా ఆగను డాక్టరు గారూ, తర్వాత ఏమైనా జరిగితే మీదే పూచీ అన్నాడు. సరేనన్నాను. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

తిరిగాం, నేనూ మా కాంపౌండరూ. మీ వీధి టైలరు ఇల్లు, పాలబూతు ఆవిడ ఇల్లు, రిటైరైన పోస్టుమాస్టరు ఇల్లు, హోటలు వంటగది. మాంసం ఉందా, ఎప్పుడు కొన్నారు, ఎవరికైనా జ్వరం, కడుపునొప్పి ఉన్నాయా? ఇవే ప్రశ్నలు. కొందరు ఫ్రిజ్ తెరిచి చూపించారు. కొందరు తిట్టారు. గొర్రెల డాక్టరుకు మా కడుపులతో ఏం పని అని పోస్టుమాస్టరు గారు గుమ్మంలోనే ఆపేశారు. మీ కడుపులోకి వెళ్లే గొర్రెతో నాకు పని ఉంది సార్, అది మీ దాకా రాకముందే చూడాల్సింది నేనే అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని దారి ఇచ్చారు.

వింత ఏమిటంటే, దొరికిన ప్రతి ముక్కా తాత నీకు గొర్రె ఇచ్చిన రోజు కంటే ముందుదే. ముద్ర ఉన్న సరుకే. అయినా జాగ్రత్తకు అన్నీ తీసుకున్నాం. ఆ గొర్రె ముక్క ఒక్కచోటా దొరకలేదు. దొరకకపోయేసరికి నాకు భయం ఇంకా పెరిగింది. అందరూ వండుకుని తినేశారేమో, తిన్నవాళ్ల పేర్లు నాకు తెలియదేమో అని.

ఇంతలో టైలరు కూతురు. పదేళ్ల పిల్ల, మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. పొద్దున్నించి కడుపునొప్పి, వాంతులు. తల్లి నా చెయ్యి పట్టుకుని, పోయిన వారం ఆ కొట్టు మాంసమే తిన్నాం అమ్మా, మా పిల్లకు అదేనా అంది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ పరీక్ష చేసే బల్ల మీద పిల్ల ఉన్నంతసేపూ నేను తలుచుకున్నది నిన్నే. ఈ పిల్లకు ఏమన్నా అయితే నిన్ను జన్మలో క్షమించనని అనుకున్నాను. ఆసుపత్రి డాక్టరు పొట్ట నొక్కి చూసి, రక్తపరీక్ష చేసి, స్కానింగ్ కూడా తీసి వచ్చాడు. పిల్లకు జ్వరం లేదు. బడి దగ్గర ఏదో తింది, అజీర్తి. తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ డాక్టరు మంచివాడు. నీకోసం ఒక మంచం ఖాళీగా ఉంచాడు. ఎన్ని గంటలకు వచ్చినా సరే, నేరుగా తన దగ్గరకే తీసుకురమ్మన్నాడు.

కేసు సంగతి. ఉంటే ఉంటుంది. నువ్వు అమ్మింది నిజమైతే నేను అబద్ధం చెప్పను. కానీ స్టేషనుకైనా, కోర్టుకైనా నీ పక్కన నడిచి వస్తాను. ఆ రోజు కోసం నువ్వు బతికి ఉండాలి. ఎవరికి అమ్మావో ఒక్క ముక్క రాసి, ఏదో ఒక గిన్నెలో పడేసి తిప్పి పంపు. ఆ తర్వాత నన్ను తిట్టుకో, మేడం అను, ఏమైనా అను. చెయ్యి మాత్రం డాక్టరుకు చూపించు.

అన్నం మూట కడుతున్నారట, మీ బావమరిది హారన్ మోగిస్తున్నాడు. తీసుకున్న మాంసాన్ని కబేళా వెనక గోతిలో పారేయించి, ఈ కాగితాలు మీ ఇంట్లో ఇచ్చేస్తాను.

ఇట్లు,
నీకు మేడం, ఎప్పటికీ నీ
అక్క

తా.క.: బావమరిదిని ఆగమన్నాను. కబేళా నుంచి ఇప్పుడే వచ్చి, మీ ఇంటి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి, కూడబలుక్కుని చదువుకో.

పనికిరాని మాంసం పూడ్చే ఆ గోతి మూత నేను చెప్పకుండా ఎవరూ తీయరు. ఇవాళ తీయిస్తే లోపల తెల్లగా సున్నం. నేను పోయించలేదు. వాచ్‌మన్ వైపు చూశాను. వాడు మొహం తిప్పుకున్నాడు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. నువ్వు వచ్చి తాళం అడిగావట, అక్క చెప్పిందన్నావట, నాకు చెప్పకుండా తాళం ఇచ్చినందుకు ఉద్యోగం పోతుందేమోనని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాడట. చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కొక్కెం వేసి లాగించాను. గొర్రె మొత్తం ఉంది. తల, నాలుగు కాళ్లు, చర్మం, అన్నీ ఉన్నాయి. ఒక్క ముక్క పోలేదు. పొట్ట మాత్రం తెరిచి ఉంది. ప్లీహం, నువ్వు తిల్లి అనేది, నల్లగా ఉబ్బి, చేతిలోకి తీసుకుంటే తారులా జారిపోయేలా ఉంది. దాని పక్కన నీ ఏప్రను, నీ చెప్పులు, మీ నాన్న ఇచ్చిన ఆ పెద్ద కత్తి. ఆ కత్తిని నువ్వు ఇంకొకరి చేతికి కూడా ఇవ్వవు.

నువ్వు అమ్మలేదు. తాత మాట నమ్మి తెచ్చావు, అయినా లోపల చూడకుండా మొద్దు మీద పెట్టవు కాబట్టి తెరిచావు, చూశావు, ఏమిటో తెలుసుకున్నావు. ఆ తెరవడంలోనే చేతికి అంటుకుంది. నేను రెండు పూటలుగా నిన్ను తిట్టినవన్నీ పైన రాసి ఉన్నాయి. కొట్టేయడానికి టైము లేదు, నువ్వే కొట్టేసుకో.

మరి ఎందుకు పారిపోయావా అని గోతి దగ్గరే నిలబడి ఆలోచించాను. అప్పుడు గిన్నెలు గుర్తొచ్చాయి. గట్టు మీద పెట్టి పొమ్మని అరవడం గుర్తొచ్చింది. పాపను ఒళ్లోంచి తోసేయడం గుర్తొచ్చింది. పోలీసులకు భయపడినవాడు ఎంగిలి గిన్నెలు దాచుకోడు.

పిచ్చి తమ్ముడూ. దొమ్మ గొర్రె నుంచి మనిషికి వస్తుందని ఎప్పుడో కబేళాలో నీకు చెప్పాను. మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందా, దానికి మందుందా అన్న సంగతి నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు. అది నీ నుంచి పాపకు రాదు. నువ్వు తిన్న గిన్నెలోంచి రాదు, నీ ఊపిరిలోంచి రాదు, పక్కన పడుకుంటే రాదు. పుండు రసం తగలకుండా గుడ్డ కప్పి ఉంచుకుంటే చాలు, అది నువ్వు కట్టుకునే ఉన్నావు. ఇంట్లోవాళ్ల కోసం నువ్వు చావాల్సిన పని ఏమీ లేదు.

ఆరోగ్యాధికారి గోతి దగ్గరకు వచ్చి కళ్లారా చూశాడు. జీపు మైకు విప్పించేశాడు. పాపకు నేనేమీ చెప్పలేదు. కోపం లేదని నువ్వే చెప్పాలి.

ఇక నువ్వు నన్ను చూసి పారిపోతావన్న భయం నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం ఒక్కటే రావడం లేదు. చదవడం అయ్యాక తలెత్తి రోడ్డు వైపు చూడు. మీ బావమరిది ఆటోలో వెనక సీట్లో నేను కూర్చుని ఉన్నాను. ఆ గిన్నెలన్నీ తీసుకుని వచ్చెయ్యి.